అడ్వాన్సులో కోతలు: బాంబూఫ్లాట్ అద్దె ఇంటి లెక్క

ఈ అండమాన్ దీవుల్లో అద్దె ఇల్లు ఖాళీ చేయడమంటే చాలామందికి ఓడ టికెట్టు చేతికొచ్చాక మొదలయ్యే పని. కాంట్రాక్టు అయిపోయిందనో, బదిలీ అయిందనో, పిల్లల చదువుకోసమనో విశాఖపట్నం వెళ్ళే ఓడకు టికెట్టు దొరికితే మిగతా పనులన్నీ ఆ తేదీకి తగ్గట్టు ముడుచుకుంటాయి. సామాను కట్టాలి, గ్యాసు కనెక్షను అప్పజెప్పాలి, స్కూల్లో టీసీ తెచ్చుకోవాలి. అన్నింటికీ చివర, మూటలు గుమ్మంలో పెట్టుకుని, ఇంటి ఓనరు దగ్గరకు వెళ్ళి అడ్వాన్సు అడుగుతారు. ఆయన ఒక చీటీ ఇస్తాడు. పెయింటింగుకు ఇంత, గ్రిల్లుకు ఇంత, ఫ్యానుకు ఇంత. అన్నీ పోగా చేతికొచ్చేది వెయ్యో పదిహేను వందలో. ఇది అన్యాయమని తెలుస్తూనే ఉంటుంది. ఫెర్రీకి టైమైపోతోంది, అవతల చాథంలో దిగి హార్బరుకు చేరాలి. ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళిపోతారు.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ చీటీ గురించే. అందులో ఏ కోత న్యాయం, ఏది కాదు, కానిదాన్ని ఎలా అడగాలి అన్నదాని గురించి.

బాంబూఫ్లాట్‌లో ఈ సమస్యకు ఒక ప్రత్యేకత ఉంది. అవతలి గట్టున ఉన్న పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది కానీ మన నోట్లో ఇంకా పోర్ట్‌బ్లెయిరే. అక్కడ పనిచేస్తూ అద్దె తక్కువని ఇవతలి గట్టున కాపురం పెట్టినవాళ్ళు బాంబూఫ్లాట్‌లో ఎందరో. పొద్దున్నే జెట్టీకొచ్చి, పావుగంటలో చాథంలో దిగి, సాయంత్రం మళ్ళీ దాటి వస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ళు అన్ని పనుల్లోనూ ఉన్నారు. ఇంటి ఓనరు బెంగాలీ కావచ్చు, తమిళుడు కావచ్చు, మలయాళీ కావచ్చు, తరాల క్రితమే ఇక్కడ పుట్టి పెరిగిన లోకల్ కుటుంబం కావచ్చు, మన తెలుగాయనే కావచ్చు. మాట్లాడుకునేది హిందీలో, రాసుకునే అగ్రిమెంటు ఇంగ్లీషులో. సంతకం పెట్టినవాళ్ళలో దాన్ని పూర్తిగా చదివించుకున్నవాళ్ళు తక్కువ. తగాదా వచ్చినప్పుడు తెలుస్తుంది, ఆ కాగితంలో ఏముందో.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అడ్వాన్సు ఇంటి ఓనరు సొమ్ము కాదు. అది అద్దెకున్నవాళ్ళ సొమ్ము, ఆయన దగ్గర దాచిపెట్టినది. అద్దె బాకీ ఉంటేనో, ఇంటికి నష్టం చేస్తేనో దానిలోంచి తీసుకునే హక్కు ఆయనకుంది. ఆ హక్కు వాడుకునేటప్పుడు ఎందుకు తీశాడో, ఎంత తీశాడో చూపించాల్సిన బాధ్యత కూడా ఆయనదే. మన ఇళ్ళల్లో ఇది తలకిందులుగా నడుస్తోంది. ‘దయచేసి ఇవ్వండి’ అని అద్దెకున్నవాళ్ళు బతిమాలుకుంటారు. ‘సరే, ఇంత ఇస్తాను’ అని ఆయన ఉదారంగా ఇచ్చినట్టు ఇస్తాడు. తన డబ్బు తాను అడిగే మనిషి చేతులు కట్టుకుని నిలబడాల్సిన పనిలేదు.

ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాన్ని ఏ స్థితిలో తిరిగి అప్పగించాలో ఆ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. చేరినప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. దీనికి రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల. రెండోది, మనిషి ఆపలేని శక్తి వల్ల వచ్చిన మార్పు. ఈ రెండో మినహాయింపు ఎందుకు పెట్టారో ఈ దీవుల్లో ఎవరికీ వివరించక్కర్లేదు. 2004 డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చి దక్షిణ అండమాన్‌లో నేలే కుంగిపోయింది. అలాంటిది జరిగితే గోడ కూలిన లెక్క అద్దెకున్నవాళ్ళ అడ్వాన్సులోంచి తేల్చడానికి వీల్లేదు.

సునామీ ఎప్పుడో ఒకసారి. రోజూ తినేది ఉప్పుగాలి. బాంబూఫ్లాట్‌లో ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఏ ఇల్లైనా చూడండి. కిటికీ గ్రిల్లు అడుగున, నీళ్ళు నిలిచే చోట, పెయింటు పొరలు పొరలుగా లేచి ఉంటుంది. గోరుతో గీకితే లోపల ఎర్రటి పొడి రాలుతుంది. తలుపు బందులు బిగుసుకుపోతాయి. రేకుల కప్పుకు కొట్టిన మేకుల చుట్టూ గుండ్రంగా తుప్పు మరకలు. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, విశాఖపట్నంలో పడేదానికి రెండింతల పైమాటే. మే నెలాఖరున మొదలైతే డిసెంబరు దాకా ఏదో ఒక రూపంలో చెమ్మ వదలదు. బీరువా వెనక గోడ నల్లబడుతుంది, బట్టలకు బూజు వాసన పట్టేస్తుంది. ఇవన్నీ ఇంట్లో మనిషున్నా జరుగుతాయి, తాళం వేసి ఉంచినా జరుగుతాయి. నిజానికి తాళం వేసి ఉన్న ఇల్లే ఇంకా త్వరగా పాడవుతుంది.

అందుకే హైదరాబాదులోనో రాజమండ్రిలోనో ‘మామూలు అరుగుదల’ అంటే వేరు, ఇక్కడ వేరు. అక్కడ ఐదేళ్ళు నిలిచే పెయింటు ఇక్కడ రెండు వర్షాకాలాలకే పొక్కిపోతే అది అద్దెకున్నవాళ్ళ నిర్లక్ష్యం కాదు. ఈ ఒక్క విషయం ఓనర్లూ అద్దెకున్నవాళ్ళూ ఒప్పుకుంటే బాంబూఫ్లాట్‌లో అడ్వాన్సు తగాదాలు సగం తగ్గుతాయని నా నమ్మకం. సముద్రం చేసిన పనికి బిల్లు అద్దెకున్నవాళ్ళ పేరు మీద రాయకూడదు.

ఇప్పుడొక చీటీ తీసుకుని లెక్క చూద్దాం. ఇది ఊహించి రాసిందే, కానీ ఇలాంటివి మీలో చాలామంది చూసే ఉంటారు. నెలకు 8,000 అద్దె, రెండు నెలల అడ్వాన్సు 16,000. నాలుగేళ్ళు ఉన్నారు. వెళ్ళేటప్పుడు చీటీలో ఇలా ఉంది: ఇల్లంతా పెయింటింగు 7,000. గ్రిల్లు 2,500. సీలింగ్ ఫ్యాను 1,900. వాష్ బేసిన్ 1,800. క్లీనింగు 1,000. కరెంటు బాకీ 640. మొత్తం 14,840. చేతికిచ్చేది 1,160.

కరెంటు బాకీ 640 ఇవ్వాల్సిందే, దానిలో మాట లేదు. ఇత్తడి బిందె జారిపడి వాష్ బేసిన్ పగిలింది, అది మనవల్ల జరిగిన నష్టం. 1,800కు రసీదు చూపిస్తే ఇచ్చేయాలి. గ్రిల్లు? ఉప్పుగాలికి తిన్న గ్రిల్లు ఓనరు ఖర్చు. క్లీనింగు? ఇల్లు ఊడ్చి, కడిగి, చెత్త పారేసి అప్పగించి ఉంటే ఆ వెయ్యికి అర్థం లేదు. ఫ్యాను? పదేళ్ళ నాటి ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందంటే కెపాసిటరు పోయి ఉంటుంది. అది మార్పించడం అద్దెకున్నవాళ్ళ పనే అనుకుందాం, మహా అయితే నూట యాభై. పాత ఫ్యాను ఇచ్చి కొత్త ఫ్యాను ధర పుచ్చుకోవడం మాత్రం కుదరదు.

ఇక పెయింటింగు. బాబు ఒక గోడ మీద క్రేయాన్లతో బొమ్మలు గీశాడు, అవి కడిగినా పోలేదు. ఇది మామూలు అరుగుదల కాదు, నిజమే. ఇంట్లో 14 గోడలున్నాయి, ఇల్లంతా వేయించడానికి 7,000 అయితే ఒక గోడకు 500. ఆ పెయింటు వేసి నాలుగేళ్ళయింది. ఎంత ఉదారంగా లెక్కేసినా పెయింటు ఆయుష్షు ఆరేళ్ళనుకుంటే మిగిలిన విలువ మూడో వంతు, అంటే 170 లోపు. అన్నీ కలిపితే, 640, 1,800, 150, 170, మొత్తం 2,760. తిరిగి రావాల్సింది 13,240. చీటీలో ఉన్నది 1,160. ఈ రెండు అంకెల మధ్య తేడా ఒక కుటుంబానికి దాదాపు నెలన్నర అద్దె. ఊరు మారేవాళ్ళకు అది కొత్త చోట కట్టాల్సిన అడ్వాన్సులో పెద్ద భాగం.

ఆరేళ్ళ లెక్క నేను గాల్లోంచి తీసింది కాదు. జపాన్‌లో ఈ తగాదాలు ముదిరిపోతే అక్కడి ప్రభుత్వం 1998లో మార్గదర్శకాలు తయారుచేసింది. గోడలకు అంటించే కాగితం విలువ ఆరేళ్ళలో దాదాపు సున్నాకు వస్తుందని, ఆ మేరకే అద్దెదారు నుంచి తీసుకోవాలని వాటి సారాంశం. 2020 ఏప్రిల్ నుంచి మామూలు అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని వాళ్ళ సివిల్ కోడ్‌లోనే రాశారు. మన పిల్లలు చదువుకోడానికి వెళ్ళే ఇంగ్లండ్‌లో 2007 ఏప్రిల్ నుంచి ఇంకో పద్ధతి ఉంది. అక్కడ ఓనరు డిపాజిట్‌ను ప్రభుత్వం గుర్తించిన పథకం కింద భద్రపరచాలి. 30 రోజుల్లో ఆ పని చేయకపోతే డిపాజిట్‌కు మూడింతల దాకా జరిమానా పడొచ్చు. తగాదా వస్తే మధ్యవర్తి చూసేది ఓనరు చూపించిన సాక్ష్యమే. చూపించలేకపోతే డబ్బు అద్దెదారుకు వెళ్ళిపోతుంది.

మన దేశం కూడా ఆ దారిలోకి వస్తోంది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. మన దీవులకు శాసనసభ లేదు. రాజ్యాంగం 240వ అధికరణం కింద రాష్ట్రపతి జారీ చేసే రెగ్యులేషన్‌కు ఇక్కడ చట్టంతో సమానమైన బలం ఉంటుంది. అలా అండమాన్ నికోబార్ దీవుల కోసం ప్రత్యేకంగా టెనెన్సీ రెగ్యులేషన్‌ను 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. దీనికి ఒరవడి ఆ నమూనా చట్టమే.

నమూనా చట్టంలో మనకు పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. కాపురం ఉండే ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఇల్లు ఖాళీ చేసి తాళం అప్పగించిన రోజునే, న్యాయమైన కోతలు పోను మిగతాది తిరిగి ఇవ్వాలి. ‘తర్వాత పంపిస్తాలే, ఫోన్ పే చేస్తాలే’ అన్నదానికి చోటు లేదు. అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే, గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు పెయింటు, అవసరమైతే పైపులు మార్చడం, కరెంటు వైరింగు, ఇవి ఓనరు పనులు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, వాష్ బేసిన్, గీజరు రిపేర్లు, తాళాలు, కిటికీ అద్దాలు, ఇవి అద్దెకున్నవాళ్ళవి. అగ్రిమెంటులో ఏం రాసుకున్నా సరే, ఇంటిని చేరినప్పటి స్థితిలో ఉంచాల్సిన బాధ్యతలోకి మామూలు అరుగుదల రాదని కూడా అందులో ఉంది. ఇంగ్లీషు అగ్రిమెంటు చివర్లో ‘వెళ్ళేటప్పుడు ఇల్లంతా పెయింటింగు వేయించి ఇవ్వాలి’ అన్న వాక్యం చూసి బెంబేలు పడినవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంటి ఓనర్ల కష్టం చెప్పకుండా వదిలేస్తే అది ఏకపక్షం అవుతుంది. బాంబూఫ్లాట్‌లో అద్దెకిచ్చేవాళ్ళంతా పెద్ద షావుకార్లు కారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో మేడ మీద ఒక వాటా వేసుకుని, ఆ అద్దెతో మందులు కొనుక్కునేవాళ్ళున్నారు. సిమెంటు, ఇనుము, పెయింటు డబ్బా అన్నీ సముద్రం దాటి రావాల్సిందే, ఓడ కిరాయి ధరలో కలుస్తుంది. చిన్న రిపేరు చేయించినా మెయిన్‌ల్యాండ్ కన్నా ఎక్కువ పడుతుంది. మూడు నెలల కరెంటు బిల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి సామాను దాటించినవాళ్ళ వల్ల దెబ్బతిన్న ఓనర్లూ ఉన్నారు. వాళ్ళు అడ్వాన్సు అడగడంలో తప్పు లేదు. ఒకరి వల్ల పోయిన డబ్బు ఇంకొకరి దగ్గర రాబట్టుకోవడం మాత్రం తప్పే. ఇంటికి ఏటా వచ్చే అరుగుదల ఖర్చు అద్దెలోంచి తీసి పక్కన పెట్టుకోవాలి, అద్దె ఉన్నదే అందుకు. దాన్నే మళ్ళీ అడ్వాన్సులోంచి తీస్తే ఒకే ఖర్చుకు రెండుసార్లు వసూలు చేసినట్టు.

మరి కోత అన్యాయమనిపిస్తే ఏం చేయాలి?

అసలు పని ఇంట్లో చేరిన రోజే మొదలవ్వాలి. సామాను దించకముందే, ఖాళీ గదుల్లో తిరిగి ఫోనులో వీడియో తీయండి. గ్రిల్లు తుప్పు, గోడ పగులు, బాత్రూము తలుపు కింద చెక్క ఉబ్బు, కుళాయి కారడం, మీటరు రీడింగు, అన్నీ పడాలి. అదే రోజు ఆ వీడియో, ఫొటోలు ఓనరు వాట్సాప్‌కు పంపించండి. ‘అన్నా, ఇల్లు ఈ స్థితిలో ఉంది, చూడండి’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. పంపిన తేదీ దానితో పాటే ఉండిపోతుంది. ఇది అపనమ్మకం కాదు, ఇద్దరికీ రక్షణ. అడ్వాన్సు బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇవ్వండి. చేతికిస్తే రసీదు తీసుకోండి. ‘మనవాడే కదా’ అని రసీదు అడగడానికి మొహమాటపడి తర్వాత ఇచ్చినట్టు నిరూపించుకోలేక నలిగిపోయినవాళ్ళు ఈ గట్టున తక్కువేం కాదు.

ఉన్నన్నాళ్ళూ పైకప్పు కారినా గోడ చెమ్మగిల్లినా వెంటనే మెసేజ్‌లో చెప్పండి. చెప్పకుండా ఊరుకుంటే, చిన్న కారడం పెద్ద నష్టమైతే, అప్పుడు ‘మీరు చెప్పలేదు’ అన్న మాటలో కొంత న్యాయం ఉంటుంది.

ఖాళీ చేసేటప్పుడు ఓడ తేదీ మీ మీద స్వారీ చేయకుండా చూసుకోవడమే అన్నింటికన్నా ముఖ్యం. టికెట్టు దొరికిన వెంటనే ఓనరును పిలవండి. వెళ్ళడానికి పది పదిహేను రోజుల ముందే ఇద్దరూ కలిసి గది గది తిరగండి. ఆయన ఏది నష్టమంటున్నాడో అక్కడికక్కడే రాయించండి. చిన్న రిపేర్లుంటే మీరే చేయించేయండి. కుళాయి మార్పించడానికి మీకయ్యే ఖర్చు, చీటీలో పడే ఖర్చు కన్నా ఎప్పుడూ తక్కువే ఉంటుంది. చివరి రెండు నెలల అద్దె అడ్వాన్సులో పట్టుకోమని చెప్పి ఊరుకునేవాళ్ళున్నారు. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అలా చేయండి. లేకపోతే అద్దె బాకీ పడ్డారన్న మాట మీ మీదకే వస్తుంది.

అప్పటికీ కోతల చీటీ చేతికొస్తే, మాటలతో వాదించకండి. జెట్టీలో, రేషను షాపులో రోజూ ఎదురుపడే మనుషుల మధ్య ఒకసారి గొంతు పెరిగితే ఆ విషయం డబ్బును దాటి పోతుంది. కాగితం మీద అడగండి. ఏ తేదీన చేరారు, ఎంత అడ్వాన్సిచ్చారు, ఏ తేదీన తాళం అప్పగించారు, ఏ కోత ఒప్పుకుంటున్నారు, ఏది ఒప్పుకోవడం లేదు, ఎందుకు ఒప్పుకోవడం లేదు, ఎంత తిరిగి రావాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి. ప్రతి కోతకూ బిల్లు చూపించమని అందులోనే రాయండి. న్యాయమైన కోతను ముందే ఒప్పుకోవడం వల్ల మీ మాటకు బరువు పెరుగుతుంది. ఇందాకటి లెక్కలో 2,760 ఒప్పుకుని 13,240 అడిగే మనిషిని ఎవరైనా వింటారు. మొత్తం 16,000 కావాలని పట్టుబడితే అదే విషయంలో వినేవాళ్ళు తగ్గుతారు. ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, దాని ఫొటో వాట్సాప్‌లో కూడా పెట్టండి.

చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. లెక్క కాగితం మీద పడ్డాక చీటీ రాసిన మనిషి కూడా ఒకసారి ఆలోచిస్తాడు. పెద్ద మనిషిని ఒకరిని మధ్యలో పెట్టుకుంటే ఇంకా మంచిది. పంచాయతీ సభ్యుడో, ఇద్దరికీ తెలిసిన టీచరో అయితే చాలు, సగానికి సగం కోసేసి రాజీ చేయించడం కాక చీటీని ఒక్కొక్క పద్దుగా చూసే మనిషి కావాలి. పోలీసు స్టేషనుకు వెళ్ళి లాభం లేదు. ఇది సివిలు తగాదా, డబ్బు వసూలు చేసిపెట్టడం వాళ్ళ పని కాదు.

అప్పటికీ తేలకపోతే లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉంది. 1987 చట్టం కింద దేశమంతటా ఏర్పడిన సంస్థ ఇది. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు తెగలవారికి, ఆదాయం తక్కువున్నవాళ్ళకు ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. ఇందాక చెప్పిన టెనెన్సీ రెగ్యులేషన్ కింద మీ ఫిర్యాదు ఏ అధికారి దగ్గర వేయాలో కూడా వాళ్ళనే అడగండి. కోర్టుకెక్కకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని కోరవచ్చు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెడితే ఆ తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పదమూడు వేల తగాదాకు లాయరు ఖర్చులు పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరగలేం కనుక మనలాంటివాళ్ళకు తగిన చోటు అదే.

ఇప్పటికే ఓడ ఎక్కి వెళ్ళిపోయి, ఇచ్చాపురంలోనో పలాసలోనో కూర్చుని, పోయిన అడ్వాన్సు గురించి బాధపడుతున్నవాళ్ళ బంధువులు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే వాళ్ళకు ఒక మాట చేరవేయండి. డబ్బు రాబట్టుకునే దావాకు సాధారణంగా గడువు మూడేళ్ళు. ఊరు వదిలినంత మాత్రాన హక్కు పోలేదు. చేరిన రోజు ఫొటోలు, అడ్వాన్సు పంపిన బ్యాంకు ఎంట్రీ, కోతల చీటీ, ఈ మూడూ ఉంటే అక్కణ్ణుంచే ఉత్తరం రాయవచ్చు. చీటీ ఫోనులో ఎక్కడో ఉండే ఉంటుంది, వెతికి తీయమనండి.